రెండు భాషల నడుమ సి.పి. బ్రౌన్

భాషకు ప్రాణం క్రియ. నామవాచకాలు ఎన్ని నేర్చుకున్నా, క్రియను సరిగా పట్టుకోలేనివాడు ఆ భాషలో ఒక్క వాక్యమైనా నిశ్చింతగా పలకలేడు. ఎవరు చేశారు, దేనిని చేశారు, ఎవరి కొరకు చేశారు, ఎప్పుడు చేశారు అనే ప్రశ్నలన్నింటికీ సమాధానం క్రియ చుట్టూనే అల్లుకొని ఉంటుంది. చివ్వెంల వంటి గ్రామం నుండి సూర్యాపేటకు వచ్చి కళాశాలలో ఆంగ్ల పాఠం వినే తెలుగు విద్యార్థి తడబడేది కూడా ఇక్కడే. కాలభేదాలు, సహాయక క్రియలు, కర్తరి కర్మణి ప్రయోగాలు అతనికి కంఠస్థం చేయవలసిన పట్టికలుగా మాత్రమే కనిపిస్తాయి. రెండు శతాబ్దాల క్రితం ఇదే దారిలో ఎదురు దిక్కు నుండి నడిచి వచ్చిన యువకుడు ఒకడున్నాడు. ఆంగ్లం మాతృభాషగా గల ఆ యువకుడు తెలుగు క్రియ ముందు తడబడ్డాడు. తడబాటుతో ఆగిపోక, తెలుగువారి మాటను జీవితాంతం శ్రద్ధగా విన్నాడు. తాను నేర్చుకున్నదానిని వ్యాకరణంగా, నిఘంటువులుగా, వాక్యాభ్యాసాలుగా మలచి రెండు భాషలవారికీ అందించాడు. ఆయనే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

బ్రౌన్ 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, ప్రాచ్య భాషల పట్ల ఆదరం గలవాడు. కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పే ఫోర్ట్ విలియం కళాశాలతో ఆయనకు సన్నిహిత సంబంధం ఉండేది. పలు భాషలు వినిపించే ఆ ఇంటిలో బాలుడైన బ్రౌన్ చిన్ననాడే కొన్నింటితో పరిచయం పొందాడు. 1812లో తండ్రి మరణించాడు. కుటుంబం ఇంగ్లండుకు తరలిపోయింది. బ్రౌన్ అక్కడ హెయిలీబరీ కళాశాలలో ఈస్టిండియా కంపెనీ సివిల్ ఉద్యోగానికి కావలసిన శిక్షణ పొంది, 1817 ఆగస్టులో మద్రాసు రేవులో దిగాడు. అప్పటికి ఆయన వయస్సు పందొమ్మిది సంవత్సరాలు నిండలేదు. తెలుగు అక్షరం ఒక్కటైనా ఆయనకు రాదు.

కొత్తగా వచ్చిన ఉద్యోగులు మద్రాసులోని ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలలో దేశభాషలు నేర్చి, పరీక్షలలో ఉత్తీర్ణులు కావాలి. బ్రౌన్ అక్కడ వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు అభ్యసించాడు. ఆనాటికి ఆంగ్లంలో తెలుగు వ్యాకరణాలు లేకపోలేదు. విలియం కేరీ 1814లోనూ, ఎ.డి. క్యాంప్‌బెల్ 1816లోనూ తెలుగు వ్యాకరణాలను ప్రకటించారు. క్యాంప్‌బెల్ గ్రంథానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ సమకూర్చిన పీఠిక, తెలుగు సంస్కృతజన్యం కాదని, తమిళ కన్నడాలతో ఒకే కుటుంబానికి చెందినదని నిరూపించిన తొలి రచనగా పేరు పొందింది. అయినప్పటికీ పాఠశాలలో చదివిన తెలుగుకు, వీధిలో వినిపించే తెలుగుకు మధ్య పెద్ద అగాధం ఉండేది. పండితులు బోధించే వ్యాకరణ సూత్రాలు కావ్యభాష కొరకు ఏర్పడినవి. వాటిలో కొన్ని సంస్కృత భాషలోనే ఉన్నాయి. సంత బేరాలలో, రైతు అర్జీలో, సాక్షి వాంగ్మూలంలో వినిపించే క్రియారూపాలకు ఆ సూత్రాలలో చోటు లేదు.

1820లో బ్రౌన్ కడప జిల్లాకు కలెక్టరు సహాయకుడిగా వెళ్లాడు. అక్కడి కలెక్టరు హన్‌బరీ తెలుగులో ధారాళంగా సంభాషించేవాడు. ఆ సంవత్సరమే మద్రాసు గవర్నరుగా వచ్చిన సర్ థామస్ మన్రో కూడా, ప్రజల భాష తెలియని అధికారి ప్రజలను పాలించలేడని నమ్మినవాడు. ఈ పరిసరాలలో యువకుడైన బ్రౌన్‌కు తెలుగు నేర్చుకోవడం పరీక్ష కొరకు మాత్రమే కాక, నిత్యజీవితానికి అవసరమైంది. కచేరీకి వచ్చే రైతులు, కరణాలు, వర్తకులు, బాటసారులు ఆయనకు గురువులయ్యారు. రెండు సంవత్సరాలలో ఆయన తెలుగులో మాట్లాడగలిగే స్థితికి చేరుకున్నాడు.

ఆంగ్లేయుడికి తెలుగు క్రియ ఏ విధంగా కొత్తగా తోచిందో తెలుసుకోవడం నేటి విద్యార్థికి ఎంతో ఉపయోగకరం. ఎందుకంటే ఆయన కష్టం మన కష్టానికి అద్దంలోని ప్రతిబింబం వంటిది. తెలుగులో 'వచ్చింది' అని ఒక సాక్షి చెప్పాడనుకుందాం. ఆ ఒక్క మాటలోనే క్రియ, కాలం, వచనం, పురుష అన్నీ ఇమిడి ఉన్నాయి. కర్తను వేరుగా చెప్పకపోయినా తెలుగువాడు సందర్భాన్ని బట్టి గ్రహిస్తాడు. కానీ ఆ వచ్చినది స్త్రీయా, పశువా, ఉత్తరమా అన్నది క్రియారూపం చెప్పదు. ఆంగ్లంలో క్రియ ఒంటరిగా నిలువదు. అక్కడ 'షి' అనాలి, లేదా 'ఇట్' అనాలి. కర్తను నిర్ణయించకుండా ఆ వాక్యాన్ని ఆంగ్లంలో రాయడం సాధ్యం కాదు. 'కొట్టారు' అన్న మాట కూడా ఇటువంటిదే. కొట్టినవారు పలువురా, లేక గౌరవంతో చెప్పిన ఒక్కరా అన్న సందేహం విదేశీయుడికి కలుగుతుంది. న్యాయస్థానంలో ఈ సందేహం వ్యాకరణ చర్చతో ముగిసేది కాదు. కర్త ఎవరో పొరపాటుగా గ్రహిస్తే నేరం చేయనివాడు శిక్ష అనుభవించవలసి వస్తుంది.

ఈ కారణం చేతనే, వాక్యంలో ఏ పదం ఏ పాత్ర వహిస్తున్నదో గుర్తించడం భాషాభ్యాసంలో మొదటి మెట్టు. భారతీయ వ్యాకరణ సంప్రదాయం ఈ పాత్రలను కారకాలు అని పిలిచి ఆరుగా విభజించింది. పనిని చేసేవాడు కర్త. పని ఫలితాన్ని పొందేది కర్మ. పనికి సాధనం కరణం. ఎవరిని ఉద్దేశించి ఇస్తామో వారు సంప్రదానం. ఎక్కడి నుండి విడివడుతుందో అది అపాదానం. పనికి ఆధారమైన చోటు అధికరణం. ఈ పాత్రలు అన్ని భాషలలోనూ ఉంటాయి. అయితే వాటిని తెలియజేసే పద్ధతి భాషకొక తీరుగా ఉంటుంది. తెలుగు విభక్తి ప్రత్యయాలతో తెలియజేస్తుంది. ఆంగ్లం ముఖ్యంగా పదాల వరుసతోనూ, పదానికి ముందు వచ్చే చిన్న మాటలతోనూ తెలియజేస్తుంది. 'రాముడు రావణుని చంపాడు', 'రావణుని రాముడు చంపాడు' అనే రెండు వాక్యాలలోనూ తెలుగువాడికి అర్థం మారదు. ఆంగ్లంలో ఆ రెండు పేర్ల స్థానాలు మారితే కథే తలకిందులవుతుంది.

ఇంకొక భేదం ఉన్నది. ఆకలి, దాహం, జ్ఞాపకం, ఇష్టం వంటివి తెలుగులో మనిషి చేసే పనులు కావు. అవి మనిషికి కలిగేవి. కనుకనే మనం 'నాకు ఆకలి వేస్తున్నది', 'నాకు తెలుసు', 'నాకు ఆ పాట ఇష్టం' అంటాం. అనుభవించేవాడు ఇక్కడ 'కు' విభక్తిలో ఉంటాడు. ఆంగ్లం అదే మనిషిని కర్త స్థానంలో నిలుపుతుంది. 'ఐ నో', 'ఐ లైక్' అనే వాక్యాలలో 'ఐ' అన్నది కర్త స్థానంలో ఉన్నా, నిజానికి ఆ మనిషి ఏ పనీ చేయడం లేదు. ఈ భేదాన్ని గుర్తించని ఆంగ్లేయుడు తెలుగులో 'నేను ఆకలి ఉన్నాను' అని నవ్వులపాలవుతాడు. గుర్తించని తెలుగువాడు ఆంగ్లంలో 'టు మి' అని వాక్యం మొదలుపెట్టి ముందుకు సాగలేడు. పదానికి పదం పెట్టడం అనువాదం కాదని రెండు వైపులవారికీ ఈ ఉదాహరణ ఒక్కటే బోధిస్తుంది.

బ్రౌన్ కడప నుండి 1822లో మచిలీపట్నానికి, ఆ తరువాత రాజమండ్రికి బదిలీ అయ్యాడు. రెవెన్యూ, న్యాయ శాఖలలో పలు పదవులు నిర్వహిస్తూనే తెలుగు గ్రంథాల అన్వేషణ ప్రారంభించాడు. వఠ్యం అద్వైతబ్రహ్మయ్య, తిప్పాభట్ల వెంకటశివశాస్త్రి వంటి పండితుల వద్ద కావ్యాలు, ఛందస్సు చదివాడు. 1824లో వేమన పద్యాల వైపు ఆయన దృష్టి మళ్లింది. పండితులు లెక్కచేయని ఆ పద్యాలలో ప్రజలు మాట్లాడుకునే సజీవమైన తెలుగు ఆయనకు కనిపించింది. పలు తావుల నుండి తాళపత్ర ప్రతులను తెప్పించి, పాఠాలను సరిచూసి, 1829లో 693 పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రచురించాడు. అంతకు ముందే 1827లో తెలుగు సంస్కృత ఛందస్సులను వివరించే గ్రంథాన్ని ఆంగ్లంలో వెలువరించాడు.

ఒక పద్యాన్ని అనువదించడానికి పూనుకున్నవాడు క్రియను ఉపేక్షించలేడు. తెలుగులో 'చేస్తాడు' అంటే అది రేపు చేయబోయే పని కావచ్చు, ప్రతిదినమూ చేసే పని కావచ్చు. మన వ్యాకరణాలు భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు 'తద్ధర్మం' అనే నాలుగవ అర్థాన్ని చెప్పడానికి కారణం ఇదే. స్వభావాన్నీ, అలవాటునూ తెలిపేది తద్ధర్మం. కుక్క మొరుగుతుంది, సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు అన్నప్పుడు మనం భవిష్యత్తును చెప్పడం లేదు. ఆంగ్లంలో అలవాటుకు ఒక రూపం, రాబోయే కాలానికి 'విల్', 'షల్' అనే సహాయక క్రియలతో మరొక రూపం ఉన్నాయి. నీతిపద్యంలోని క్రియను ఆంగ్లంలో ఏ రూపంతో చెప్పాలో నిర్ణయించడానికి అనువాదకుడు ముందుగా అర్థాన్ని గ్రహించాలి. అదే విధంగా మన 'వచ్చాడు' అన్న ఒక్క రూపం ఆంగ్లంలో రెండుగా చీలుతుంది. నిన్న వచ్చాడని చెప్పడానికి 'కేమ్' అనాలి. ఇప్పుడే వచ్చాడు, ఇక్కడే ఉన్నాడు అనే భావానికి 'హాజ్ కమ్' అనాలి. ఇక్కడ 'హాజ్' అన్నది కలిగి ఉండటం అనే తన సొంత అర్థాన్ని విడిచి, గడిచిన పనికి వర్తమానంతో ముడి వేస్తున్నది. తెలుగులో 'చేస్తున్నాడు' అన్నప్పుడు 'ఉన్నాడు' కూడా ఇటువంటి సేవే చేస్తున్నది. సహాయక క్రియ అంటే ఇదే.

ఆంగ్ల వ్యతిరేక వాక్యం వద్ద నేటికీ మన విద్యార్థులు చేసే పొరపాటు ఒకటి ఉన్నది. 'హి డిడ్ నాట్ కమ్' అనవలసిన చోట 'కేమ్' అంటారు. తెలుగు 'రాలేదు' అన్న మాటను విడదీసి చూస్తే ఆ పొరపాటు తొలగిపోతుంది. అందులో 'రా' అన్నది కాలాన్ని తెలపని మూలరూపం. భూతకాలపు వ్యతిరేకార్థాన్ని మోసేది 'లేదు'. ఆంగ్లంలోనూ కాలాన్ని 'డిడ్' మోస్తున్నది కనుక 'కమ్' మూలరూపంలోనే నిలిచి ఉంటుంది. కాలం అనే బరువును ఒక వాక్యంలో ఒక్క క్రియ మాత్రమే మోస్తుందని గ్రహిస్తే చాలు, పట్టిక మరచిపోయినా వాక్యం తప్పదు.

బ్రౌన్ తన జీతంలో అధిక భాగాన్ని తెలుగు గ్రంథాల కొరకే వెచ్చించాడు. కడపలో ఒక బంగళాను కొని, అక్కడ పండితులను, లేఖకులను నియమించి సొంత ఖర్చుతో పోషించాడు. ప్రజలు దానిని బ్రౌన్ కళాశాల అని పిలిచేవారు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి దాని నిర్వహణ చూసేవాడు. జూలూరి అప్పయ్య వంటి పండితులు ప్రతుల పరిష్కరణలో, వ్యాఖ్యానాల రచనలో పాలుపంచుకున్నారు. కీటకాలకు ఆహారమవుతున్న తాళపత్రాలు అక్కడ కాగితం మీదికి ఎక్కాయి. ఈ ఖర్చుల వల్ల బ్రౌన్ అప్పులపాలయ్యాడు. కడపలోనూ, మచిలీపట్నంలోనూ ఆయన ఉచిత పాఠశాలలు కూడా నడిపాడు.

1832–33 నాటి నందన నామ సంవత్సరంలో గుంటూరు ప్రాంతాన్ని ఘోరమైన క్షామం ముంచెత్తింది. ప్రజలు దానిని డొక్కల కరువు అని పిలిచారు. వేలాది జనం ఆకలితో మరణించారు. ఆ కాలంలో అక్కడ అధికారిగా ఉన్న బ్రౌన్ తన నివేదికలలో కరువు అన్న మాటనే వాడాడు. ధాన్యపు కొరత అని మెత్తగా చెప్పక కరువు అని రాసినందుకు పైఅధికారుల ఆక్షేపణకు గురయ్యాడు. పదానికి, సత్యానికి గల సంబంధం ఎటువంటిదో ఈ సంఘటన తెలియజేస్తుంది. కొరత అన్నది గిడ్డంగికి సంబంధించిన మాట. కరువు అన్నది మనిషికి సంబంధించిన మాట. ఎవరికి ఏమి జరుగుతున్నదో చెప్పవలసిన చోట బ్రౌన్ ఆ విషయాన్ని మాటల చాటున దాచలేదు.

1834లో ఆయన ఉద్యోగం పోయింది. అప్పులు తీరలేదు. గ్రంథాల పని సగంలో ఉన్నది. సాధారణమైన మనిషి అయితే ఇంతటితో తెలుగును మరచిపోయేవాడు. బ్రౌన్ లండను చేరుకొని, అక్కడ ఇండియా హౌస్ గ్రంథాలయంలో పడి ఉన్న దక్షిణ భారత గ్రంథాలను పరిశీలించాడు. రెండు వేలకు పైగా ఉన్న ఆ ప్రతులు దుమ్ము పట్టి, పట్టించుకునేవారు లేక పడి ఉన్నాయి. వాటిని మద్రాసుకు పంపేలా అధికారులను ఒప్పించాడు. కొంతకాలానికి పారసీక భాషానువాదకుడిగా ప్రభుత్వం ఆయనను తిరిగి ఉద్యోగంలోకి తీసుకున్నది. మద్రాసుకు వచ్చిన తరువాత ఆయన తెలుగు అనువాదకుడిగా, పోస్టుమాస్టర్ జనరల్‌గా, కళాశాల మండలి సభ్యుడిగా బాధ్యతలు నిర్వహించాడు. ఆయన ముఖ్య గ్రంథాలు ముద్రణ పొందింది ఈ మద్రాసు జీవితంలోనే.

1840లో ఆంగ్ల భాషలో రచించిన తెలుగు వ్యాకరణం వెలువడింది. 1857లో దాని రెండవ ముద్రణ వచ్చింది. ఈ గ్రంథంలో కావ్యభాషా లక్షణాలతో పాటు జనం మాట్లాడే భాషకు కూడా బ్రౌన్ స్థానం కల్పించాడు. విదేశీ విద్యార్థి మొదట ఏమి వింటాడు, ఎక్కడ తడబడతాడు అన్నది తన అనుభవం వల్ల ఆయనకు తెలుసు. ఆ తడబాట్లను మనస్సులో పెట్టుకొనే క్రియారూపాలను వర్గీకరించి చూపాడు. పండితులలో కొందరికి ఈ పద్ధతి నచ్చలేదు. వాడుక మాటలకు వ్యాకరణ గౌరవం ఇవ్వడం వారికి అనుచితంగా తోచింది. 1858లో పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం వెలువడింది. కావ్యభాషను క్రమబద్ధం చేయడంలో ఆ గ్రంథానికి సాటి లేదు. ఒకే కాలంలో, ఒకే పట్టణంలో వచ్చిన ఈ రెండు వ్యాకరణాల లక్ష్యాలు వేరు. చిన్నయసూరి భాష ఎట్లా ఉండాలో నిర్దేశించాడు. బ్రౌన్ భాష ఎట్లా ఉన్నదో నమోదు చేయడానికి ప్రయత్నించాడు. వాడుక భాషకు పాఠశాలలో చోటు కావాలని గిడుగు రామమూర్తి వంటివారు ఉద్యమించింది ఆ తరువాత అర్ధ శతాబ్దానికి.

కర్మణి ప్రయోగం ఈ రెండు దృష్టుల భేదాన్ని చక్కగా తెలుపుతుంది. తెలుగులో 'పడు' అనే క్రియను చేర్చి కర్మణి వాక్యం నిర్మించవచ్చని వ్యాకరణం చెబుతుంది. 'రావణుడు రాముని చేత చంపబడ్డాడు' అన్న వాక్యంలో దోషం లేదు. కానీ ఇంటిలోనూ, పొలంలోనూ ఆ విధంగా మాట్లాడేవారు అరుదు. మోసం జరిగితే 'మోసపోయాడు' అంటారు. దెబ్బ తగిలితే 'దెబ్బ తిన్నాడు' అంటారు. కట్టినవారెవరో చెప్పనవసరం లేనప్పుడు 'ఈ గుడి కాకతీయుల కాలంలో కట్టారు' అని కర్తను విడిచి ఊరుకుంటారు. ఆంగ్లంలో కర్తను విడిచే వీలు లేదు కనుక కర్మను ముందుకు తెచ్చి 'వాజ్ బిల్ట్' అనవలసి వస్తుంది. అనగా ఆంగ్లంలో కర్మణి ప్రయోగం అలంకారం కాదు, అవసరం. చేసినవాడు తెలియనప్పుడు, తెలిసినా చెప్పనక్కరలేనప్పుడు, పని ఫలితమే ముఖ్యమైనప్పుడు అది వాడుకలోకి వస్తుంది. ఈ కారణాన్ని విడిచి రూపాన్ని మాత్రమే తెలుగులోకి దించినందువల్లనే 'ఇందుమూలముగా తెలియజేయబడుచున్నది' వంటి వాక్యాలు కార్యాలయాలలో పాతుకొనిపోయాయి. తెలియజేసేది ఎవరో ఆ వాక్యంలో కనిపించరు. ఉత్తర్వు ఉంటుంది, దానికి బాధ్యుడు ఉండడు.

1852–54 సంవత్సరాల నడుమ బ్రౌన్ నిఘంటువులు వెలువడ్డాయి. ఒకటి తెలుగు మాటలకు ఆంగ్లార్థాలు చెప్పేది. మరొకటి ఆంగ్ల పదాలకు తెలుగు అర్థాలు చెప్పేది. తెలుగులో కలిసిపోయిన హిందుస్తానీ, పారసీక, ఆంగ్లాది అన్యభాషా పదాలకు మిశ్రభాషా నిఘంటువును వేరుగా కూర్చాడు. కచేరీ, జమాబందీ, రసీదు వంటి మాటలను మలినమని తోసివేయక, జనం వాడుతున్నారు గనుక వాటికి అర్థం చెప్పడం తన విధి అని భావించాడు. కావ్య ప్రయోగాలతో పాటు పనివారి మాటలు, సామెతలు, నుడికారాలు కూడా ఆ నిఘంటువులలో చోటు చేసుకున్నాయి.

ఈ సందర్భంలో 1852లోనే వెలువడిన 'వాక్యావళి' ప్రత్యేకంగా పేర్కొనదగినది. ఆంగ్ల తెలుగు నుడికారాల అభ్యాసానికి ఉద్దేశించిన గ్రంథమిది. తెలుగు ఆంగ్ల సంభాషణలు, వ్యవహార లేఖలు గల వాచకాలను కూడా ఆయన ఆ కాలంలోనే సిద్ధం చేశాడు. సూత్రం కంటే వాక్యం గొప్ప గురువు అన్నది ఈ గ్రంథాల వెనుక ఉన్న ఆలోచన. విడిగా ఉన్న క్రియకు అర్థం అస్పష్టంగా ఉంటుంది. వాక్యంలో నిలిచినప్పుడే అది ఎవరిని కర్తగా కోరుతుందో, దేనిని కర్మగా గ్రహిస్తుందో, ఏ సహాయక క్రియను తోడు తెచ్చుకుంటుందో తెలుస్తుంది. 'తలుపు తెరిచాడు', 'తలుపు తెరుచుకుంది' అని తెలుగు క్రియారూపాన్ని మారుస్తుంది. ఆంగ్లంలో 'ఓపెన్' అన్న ఒక్క క్రియే రెండింటికీ సరిపోతుంది. మొదటి వాక్యంలో తలుపు కర్మ, రెండవ దానిలో అదే కర్త స్థానాన్ని ఆక్రమించింది. ఈ మార్పును నిఘంటువులోని అర్థం ఒక్కటే బోధించలేదు. పక్కపక్కనే ఉంచిన రెండు భాషల వాక్యాలు బోధిస్తాయి.

బ్రౌన్ కృషిని కీర్తించేటప్పుడు రెండు విషయాలను మరువరాదు. ఆయన కంపెనీ ఉద్యోగి. పాలకులకు పాలితుల భాష తెలియాలన్న ప్రయోజనం ఆ వ్యాకరణం వెనుక, నిఘంటువుల వెనుక ఉన్నది. క్రైస్తవ గ్రంథాల అనువాదంలోనూ ఆయన పాలు పంచుకున్నాడు. అంతేకాక ఆయన పేరుతో వెలువడిన గ్రంథాలలో తెలుగు పండితుల శ్రమ ఎంతో దాగి ఉన్నది. తాళపత్రాలను చదివినవారు, పాఠభేదాలను గుర్తించినవారు, ఆయన సందేహాలను తీర్చినవారు, ఆయన తప్పులను దిద్దినవారు వారే. వారిలో కొందరి పేర్లు మిగిలాయి, పలువురి పేర్లు మిగలలేదు. కానీ పాలనకు కావలసినంత తెలుగు నేర్చి ఊరుకున్న ఉద్యోగులు ఆ కాలంలో ఎందరో ఉన్నారు. పదవి పోయినప్పుడు, అప్పులు పెరిగినప్పుడు కూడా పనిని విడువని పట్టుదల బ్రౌన్‌ను వారి నుండి వేరు చేసింది.

1855లో ఆయన ఉద్యోగ విరమణ చేసి లండను చేరుకున్నాడు. తాను సేకరించిన వేలాది ప్రతులను అంతకు ముందే మద్రాసులోని సాహిత్య సంఘానికి అప్పగించాడు. కాలక్రమంలో అవి ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారానికి చేరి తెలుగు పరిశోధకులకు పెన్నిధి అయ్యాయి. 1865లో లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడిగా గౌరవ పదవి లభించింది. ఆయన వివాహం చేసుకోలేదు. తన సాహిత్య జీవితాన్ని గురించి ఒక చిన్న గ్రంథం రాసుకున్నాడు. 1884 డిసెంబరు 12వ తేదీన, ఎనభై ఆరు సంవత్సరాల వయస్సులో లండనులో మరణించాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉన్నది.

ఆ తరువాత చాలా కాలం తెలుగువారికి బ్రౌన్ నిఘంటువుగానే తెలుసు, మనిషిగా తెలియదు. ఇరవయ్యవ శతాబ్దంలో బంగోరె అనే పేరుతో ప్రసిద్ధుడైన బండి గోపాలరెడ్డి ఆయన లేఖలను, చేతిరాత ప్రతులను శ్రమకోర్చి వెలికితీసి ప్రకటించాడు. కడపలో బ్రౌన్ నివసించిన బంగళా శిథిలమైన స్థలంలో గ్రంథాలయం వెలసేందుకు జానమద్ది హనుమచ్ఛాస్త్రి అహర్నిశలు పాటుపడ్డాడు. ఒకనాడు పండితులు తాళపత్రాలను తిరగేసిన చోట నేడు విద్యార్థులు, పరిశోధకులు పుస్తకాలు చదువుతున్నారు.

ఒక విదేశీయుడు తెలుగు క్రియను ఎట్లా వశపరచుకున్నాడో ఆ జీవితం చెబుతుంది. ఆయన తన భాషలోని పదానికి తెలుగు పదం వెతకడంతో తృప్తి చెందలేదు. ఈ మాటను ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అంటున్నారని పరిశీలించాడు. తెలియనిది అడిగాడు, విన్నది రాసుకున్నాడు, తప్పులు దిద్దించుకున్నాడు. మరల మాట్లాడాడు. ఆంగ్లం నేర్చుకునే తెలుగు విద్యార్థికి దారి ఇదే. ఆంగ్ల వాక్యం ఎదురైనప్పుడు మొదట కర్తను గుర్తించాలి. ఆ కర్త నిజంగా పని చేస్తున్నాడా, అనుభవిస్తున్నాడా, లేక పని ఫలితాన్ని పొందుతున్నాడా అని విచారించాలి. కాలాన్ని ఏ క్రియ మోస్తున్నదో చూడాలి. సహాయక క్రియ ఏ అర్థాన్ని తోడు తెచ్చిందో గ్రహించాలి. ఈ పరిశీలనకు మాతృభాష అడ్డంకి కాదు. తెలుగు క్రియను ఎరిగినవాడికే ఆంగ్ల క్రియలోని భేదం స్పష్టంగా కనిపిస్తుంది. కడప కచేరీలో రైతు మాట విని తెలుగు నేర్చిన బ్రౌన్ తన భాషను విడిచిపెట్టలేదు. దానిని కొలబద్దగా చేసుకొని తెలుగును కొలిచాడు. తెలుగును కొలబద్దగా చేసుకొని ఆంగ్లాన్ని కొలవవలసిన వంతు నేటి విద్యార్థిది.